పదము మారిన చాలునా?

ఆంగ్లభాష నభ్యసించు విద్యార్థుల నోటుపుస్తకములలో మూడు గడుల పట్టిక ఒకటి తరచుగా కానవచ్చును. మొదటి గడిలో నామవాచకము, రెండవ గడిలో క్రియ, మూడవ గడిలో విశేషణము. ‘సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్’ అనియు, ‘బ్యూటీ, బ్యూటిఫై, బ్యూటిఫుల్’ అనియు, ‘డెసిషన్, డిసైడ్, డిసైసివ్’ అనియు వరుసగా వ్రాసియుండును. పరీక్షలో ఒక గడిని నింపి యిచ్చి తక్కిన రెండింటిని పూరింపుమందురు. శ్రద్ధగల విద్యార్థి ఈ పట్టికను ఎక్కములవలె వల్లెవేసి ఒక్క మార్కును పోగొట్టుకొనక బయటపడును. ఆ విద్యార్థియే మరునాడు ఆంగ్లములో నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయవలసి వచ్చినచో, కంఠస్థమైన ఆ మాటలలో ఒక్కటియు సమయమునకు అక్కరకు రాదు. వచ్చినను తిన్నగా కుదురుకొనదు.

అట్టి ఉత్తరములలో తరచుగా కనబడు తప్పు నొకదానిని పరిశీలించుట మేలు. ‘వియ్ డిస్కస్డ్ ఎబౌట్ ది మ్యాచ్’ అని విద్యార్థి వ్రాయును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో ‘ఎబౌట్’ అను మాటను కొట్టివేయును. ఏల కొట్టివేసెనో విద్యార్థికి తెలియదు. ‘ఎ డిస్కషన్ ఎబౌట్ ది మ్యాచ్’ అని పాఠ్యపుస్తకములోనే అతడు చదివియుండవచ్చును. అచ్చట ఒప్పైనది ఇచ్చట తప్పెట్లయ్యెనో చెప్పువారు లేనందున, ఆంగ్లభాషకు నియమమే లేదనియో, తన బుద్ధియే మందమైనదనియో అతడు నిశ్చయించుకొనును. ఈ రెండవ నిశ్చయము మిక్కిలి హానికరము. తెలుగు మాధ్యమములో చదివి, తెలివితేటలలో ఎవ్వరికిని తీసిపోని యువకులెందరో ఉద్యోగపు ఇంటర్వ్యూలలో నోరు మెదపలేకపోవుటకు మూలము పదముల కొరత కాదు. పదములు తెలిసియు వాక్యము తప్పునేమోయను భయమే వారి నోటిని కట్టివేయుచున్నది.

నిజమునకు అచ్చట నియమమున్నది. ‘డిస్కస్’ అను క్రియ తన కర్మమును నేరుగా గ్రహించును. ‘డిస్కషన్’ అను నామవాచకమునకు ఆ శక్తి లేదు. దానికిని విషయమునకును నడుమ ‘ఎబౌట్’ అనియో ‘ఆన్’ అనియో ఒక ప్రిపొజిషన్ వంతెనగా నిలువవలెను. పదము ఒక గడినుండి మరొక గడికి మారినపుడు అది ఒంటరిగా మారదు. దాని ఇరుగుపొరుగులును మారవలెను. ‘ప్రౌడ్’ అను విశేషణమునకు ‘ఆఫ్’ తోడుగా వచ్చును. ‘ప్రైడ్’ అను నామవాచకమునకు ‘ఇన్’ తోడగును. ఆ ‘ప్రైడ్’ పదమే క్రియయైనపుడు ‘ఆన్’ అను తోడును కోరును. ఒకే కుటుంబమునకు చెందిన మూడు పదములు మూడు వేర్వేరు తోడులను కోరుచున్నవి. మూడు గడుల పట్టిక ఈ తోడుల ఊసెత్తదు. పదముల రూపములను మాత్రము చూపి, వాటి పనిని మరుగుపరచును.

ఇది ఆంగ్లమునకే పరిమితమైన వింత యనుకొనరాదు. తెలుగు బాలునకు ఈ నియమము ఉగ్గుపాలతోనే అబ్బియున్నది. ‘సమస్యను చర్చించిరి’ అనుచున్నాము. ‘సమస్యపై చర్చ’ అనుచున్నాము. ‘సమస్యను చర్చ’ అని పసివాడైనను పలుకడు. ‘శత్రువును ద్వేషించు’ అనునపుడు వచ్చు ద్వితీయా విభక్తి, ‘శత్రువుపై ద్వేషము’ అనునపుడు తొలగిపోవుచున్నది. క్రియ నామవాచకమైనంతనే విభక్తి మారవలెనని అతనికి ఏ గురువును బోధింపలేదు. ఐనను అతడు తప్పడు. అట్లే ‘నిర్ణయించిరి’ అనుమాటను ‘నిర్ణయము’గా మార్చినపుడు వాక్యమునకు క్రియ కొరవడును గనుక ‘చేసిరి’ అనుదానిని చేర్చుచున్నాము. ఆంగ్లములో ‘డిసైడ్’ తొలగి ‘డెసిషన్’ వచ్చినపుడు ‘మేక్’ అను క్రియ తోడు వచ్చుట సరిగా ఇట్టిదే. ‘సమస్యను గూర్చి చర్చించిరి’ అనుటయు తెలుగులో వాడుకయే. ‘డిస్కస్’ పిమ్మట ‘ఎబౌట్’ వచ్చి చేరుటకు బహుశః ఆ వాడుకయు ఒక కారణమై యుండును. మాతృభాషలో వాక్యము నడచు తీరును ఎదుట పెట్టి చూపినచో, పోలిక ఎచ్చటనో, భేదమెచ్చటనో విద్యార్థి తానే గ్రహింపగలడు.

ఆంగ్లపదములు ఇన్ని విధముల రూపము మార్చుకొనుటకు ఆ భాష చరిత్రయే కారణము. ప్రాచీనాంగ్లములో ‘ప్రేమ’ యను నామవాచకము ‘లుఫు’. ‘ప్రేమించు’ అను క్రియ ‘లుఫియన్’. రెండింటికిని వేర్వేరు ప్రత్యయములుండెడివి. 11వ శతాబ్ది మొదలు 15వ శతాబ్ది వరకు ఆ ప్రత్యయములు క్రమముగా అరిగిపోయినవి. రెండును ‘లవ్’ అను ఒక్క రూపమున మిగిలినవి. నాటినుండి ఒక పదమును ఏ మార్పును లేకయే వేరొక పనికి వినియోగించుట ఆంగ్లమునకు సహజమైపోయినది. నీటికి పేరైన ‘వాటర్’ మొక్కకు నీరు పోయుటకును క్రియయైనది. చేతికి పేరైన ‘హ్యాండ్’ అందించుటకును క్రియయైనది. ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. ‘నవ్వు’, ‘పలుకు’, ‘వెలుగు’, ‘చదువు’, ‘దగ్గు’ అను తెలుగు మాటలు నామవాచకములో, క్రియలో వాక్యమును చూచినగాని తేలదు. ‘ఆమె నవ్వు’ అన్నపుడు అది పేరు. ‘హాయిగా నవ్వు’ అన్నపుడు అది క్రియ.

1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములును, విద్యావ్యాసంగము పెరిగిన కొలది లాటిన్, గ్రీకు పదములును ఆంగ్లములోనికి వెల్లువగా వచ్చినవి. వాటితోపాటు వాటి ప్రత్యయములును వచ్చినవి. ‘కైండ్‌నెస్’లోని ‘నెస్’, ‘ఫ్రీడమ్’లోని ‘డమ్’, ‘లెంగ్త్’లోని ‘త్’ దేశ్యములు. ‘గవర్న్‌మెంట్’లోని ‘మెంట్’, ‘ఎడ్యుకేషన్’లోని ‘షన్’, ‘ఎబిలిటీ’లోని ‘ఇటీ’ ఫ్రెంచి, లాటిన్ మార్గములలో వచ్చినవి. కొన్ని చోట్ల నామవాచకము దేశ్యమై, విశేషణము లాటినుదైనది. ‘సన్’ అను సూర్యునకు ‘సోలార్’ అనియు, ‘మూన్’ అను చంద్రునకు ‘లూనార్’ అనియు, ‘టూత్’ అను దంతమునకు ‘డెంటల్’ అనియు విశేషణములు ఏర్పడినది ఇందువలననే. ఇది తెలుగువారిని తికమక పెట్టవలసినది కాదు. మనము ‘పల్లు’ అందుము, వైద్యుని మాత్రము ‘దంతవైద్యుడు’ అందుము. ‘మంచితనము’, ‘గొప్పతనము’ అని దేశ్యమునకు ‘తనము’ చేర్చుదుము, సంస్కృతపదములకు ‘త్వము’, ‘త’ యనువానిని చేర్చి ‘మనుష్యత్వము’, ‘మానవత’ యందుము. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి తద్ధిత, కృదంతములకు ప్రత్యేక పరిచ్ఛేదములనే కేటాయించెను. ‘నడచు’ ‘నడక’యగుటను, ‘కోరు’ ‘కోరిక’యగుటను, ‘గెలుచు’ ‘గెలుపు’ అగుటను ఎరిగిన విద్యార్థికి ఆంగ్లప్రత్యయములు భూతములవలె తోచవలసిన పని లేదు.

కొన్ని మార్పులు కంటికి కనబడవు, చెవికి మాత్రమే వినబడును. ‘రికార్డ్’ అను పదమున నామవాచకమునకు మొదటి అక్షరముపై ఊనిక పడును, క్రియకు రెండవ అక్షరముపై పడును. ‘ప్రెజెంట్’, ‘ఆబ్జెక్ట్’, ‘పర్మిట్’ మున్నగునవియు ఇట్టివే. తెలుగులో ఊనికనుబట్టి పదము జాతి మారు పద్ధతి లేదు గనుక, ఈ భేదమును మనవారు కష్టపడి నేర్వవలెను. ‘హౌస్’, ‘యూస్’ అను నామవాచకముల చివరి ‘స్’ ధ్వని క్రియలో ‘జ్’ ధ్వనియగును, అక్షరక్రమము మారదు. కాగితముపై పట్టికను ఎన్నిమారులు వ్రాయించినను ఈ భేదము తెలియబోదు. గురువు బిగ్గరగా చదివి వినిపింపవలెను, శిష్యులచేత చదివింపవలెను.

ఈ మార్పులు ఎప్పుడో ముగిసిపోయిన చరిత్రయు కాదు. 1789 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ నిఘంటుకర్త నోవా వెబ్‌స్టరునకు ఒక లేఖ వ్రాయుచు, ‘నోటీస్’, ‘అడ్వకేట్’, ‘ప్రోగ్రెస్’ అను నామవాచకములను క్రియలుగా వాడుచున్నారని ఆక్షేపించెను. నేడు ఆ మూడింటిని క్రియలుగా వాడని ఆంగ్లరచయిత ఉండడు. ‘ఎడిటర్’ అను పదము ముందు పుట్టి, అందుండి ‘ఎడిట్’ అను క్రియ తరువాత పుట్టినది. ‘టెలివిజన్’ నుండి ‘టెలివైజ్’ వచ్చిన తీరును ఇదియే. ఒక సంస్థ పేరైన ‘గూగుల్’ క్రియగా మారి 2006లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్లనిఘంటువున చోటు చేసికొన్నది. మనమును వెనుకబడలేదు. ఆంగ్లపదమును పేరుగా గ్రహించి, ‘చేయు’, ‘అగు’ అనువానిని తగిలించి ‘ఫోను చేయుట’, ‘పాసగుట’, ‘ఫెయిలగుట’ అని దినమును వాడుచునేయున్నాము. కాని ‘ఫెయిలైనాడు’ అను తెలుగు పలుకుబడిని అనుసరించి ‘హి ఈజ్ ఫెయిల్’ అని వ్రాసినపుడు మాత్రము చిక్కు వచ్చును. ‘ఫెయిల్’ ఆంగ్లమున క్రియ గనుక ‘హి ఫెయిల్డ్’ అనినచో చాలును, మరొక క్రియ తోడక్కరలేదు.

పట్టికను బొత్తిగా విడిచిపెట్టుమనుట సాధ్యము కాదు. ఒక్కొక్క తరగతిలో అరువది, డెబ్బదిమంది విద్యార్థులున్నచోట, పాఠ్యాంశములను గడువులోపల పూర్తిచేయవలసిన ఉపాధ్యాయునకు అది చేతికర్రవంటిది. పదముల రూపములను గుర్తుంచుకొనుటకును అది తోడ్పడును. ఐతే చేతికర్ర నడక కాదు. పట్టికలోని ప్రతి పదమునకును ఒక చిన్న వాక్యమును జోడించినచో ఆ పట్టికయే వాక్యబోధకు సాధనమగును. దినమునకు పది పదములకు బదులు రెండే పదకుటుంబములను గ్రహించి, ఒక్కొక్కదానికి మూడు వాక్యములు విద్యార్థులచేతనే చెప్పించి, వాటి సరసన తెలుగు వాక్యములను నిలిపి, ఏ ప్రత్యయము వచ్చినది, ఏ తోడు మారినది అని ప్రశ్నించుటకు క్రొత్త పుస్తకములును అక్కరలేదు, అదనపు ధనమును అక్కరలేదు.

ప్రశ్నపత్రము మారనిదే బోధన మారదను మాటలో కొంత సత్యమున్నది. గడిని పూరింపుమనుటకు మారుగా వాక్యమును మార్చి వ్రాయుమని అడుగవచ్చును. ‘దే డిస్కస్డ్ ది ప్రాబ్లమ్’ అను వాక్యమును ‘డిస్కషన్’ అను పదముతో తిరిగి వ్రాయుమన్నచో, విద్యార్థి క్రియను వెదకి తేవలెను, ఆర్టికల్ చేర్చవలెను, ప్రిపొజిషన్ ఎంచుకొనవలెను. ఒక్క ప్రశ్నతో అతని జ్ఞాపకశక్తియు, వాక్యజ్ఞానమును తెలియవచ్చును. మార్కులు దిద్దుట కొంత శ్రమయగును. ఆ శ్రమ వృథా కాదు.

ఆంగ్లము పఠించు తరగతిలో తెలుగు మాట వినబడరాదను నిషేధము కొన్ని పాఠశాలలలో నేటికిని కలదు. ‘సమస్యను చర్చించు’, ‘సమస్యపై చర్చ’ అను రెండు తెలుగు పలుకులు నల్లబల్లపై వ్రాసిన మాత్రమున, ఏండ్ల తరబడి ఎఱ్ఱసిరా తీర్పలేని సందేహము తీరుననినచో, ఆ నిషేధము ఎవరి మేలుకొరకో పెద్దలు యోచింపవలెను. తెలుగు నేర్పువారును, ఆంగ్లము నేర్పువారును ఒకే పాఠశాలలో, ఒకే గదిలో కూర్చుండియు ఒకరి పాఠము నొకరు ఎరుగకుండుట విద్యార్థులకు నష్టము. ఆ ఇరువురును వారమునకు ఒక్క గంట కలిసి మాటాడుకొన్నను, తనకు రాదని తలవంచుకొను విద్యార్థి తనకు సగము పాఠము ఇంటివద్దనే వచ్చినదని తెలిసికొని తల యెత్తును.