దగ్గినా, తుమ్మినా మూత్రం పడుతోందా?

ప్రశ్న: నా వయసు 27 సంవత్సరాలు. రెండవ కాన్పు అయి నాలుగు నెలలైంది. మామూలు కాన్పే. అప్పటి నుంచి దగ్గినా, తుమ్మినా, నీళ్ళ బిందె ఎత్తినా కొంచెం మూత్రం పడిపోతోంది. చీర తడుస్తుందేమోనన్న భయంతో పేరంటాలకు కూడా వెళ్ళడం లేదు. మంచినీళ్ళు తాగడం సగానికి సగం తగ్గించాను. మా అత్తగారు "పిల్లలు పుట్టాక ఇది మామూలే, సర్దుకుపోవాలి" అంటున్నారు. మావారితో చెప్పాలంటే సిగ్గు. నాకు ఆపరేషన్ తప్పదా?
- ఒక సోదరి

జవాబు: మీ అత్తగారి మాటలో సగమే నిజం. కాన్పు తరువాత చాలామందికి ఈ బాధ వస్తుంది. కాని సర్దుకుపోవలసిన పని లేదు. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది.

మూత్రాశయం, గర్భాశయం, పెద్దపేగు చివరి భాగం - ఈ మూడింటినీ కింద నుంచి కొన్ని కండరాలు మోస్తుంటాయి. ఇవి ముందువైపు ఎముక నుంచి వెనుక ముడ్డిపూస వరకు ఉయ్యాల గుడ్డలా పరుచుకుని ఉంటాయి. తొమ్మిది నెలలు బరువు మోసి, కాన్పులో బాగా సాగి, వదులవుతాయి. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. వదులైన కండరాలు మూత్రనాళాన్ని బిగించి పట్టలేవు. అందుకే నాలుగు చుక్కలు జారతాయి.

వదులైన కండరానికి మందు వ్యాయామమే. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీవైద్య నిపుణుడు 1948లో దీన్ని గురించి రాశారు. అందుకే ఆయన పేరుతో దీన్ని కెగెల్ వ్యాయామం అంటారు.

ముందు కండరాన్ని గుర్తించాలి. నలుగురిలో ఉన్నప్పుడు అపానవాయువు రాకుండా ఆపుకుంటాం కదా, అప్పుడు లోపలికీ పైకీ బిగుసుకునేదే ఆ కండరం. దాన్ని బిగించి, ఐదు లెక్కపెట్టి, వదలండి. మళ్ళీ ఐదు లెక్కపెట్టేంతసేపు విశ్రాంతి. ఇలా 8 సార్లు. రోజుకు మూడు పూటలా చేయాలి. అలవాటైన కొద్దీ లెక్క పది వరకు పెంచండి. మొదట పడుకుని, తరువాత కూర్చుని, ఆ తరువాత నిలబడి చేయండి. బిడ్డకు పాలిచ్చే సమయంలో చేస్తే వేరే తీరిక వెతుక్కోనక్కరలేదు.

ఊపిరి బిగబట్టకూడదు. తొడలు, పిరుదులు, పొట్ట బిగించకూడదు. కిందికి ముక్కకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా పెట్టుకోకూడదు. అలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. తుమ్ము వస్తోందని తెలియగానే ముందుగా ఈ కండరాన్ని బిగించడం అలవాటు చేసుకోండి.

నాలుగు రోజులు చేసి ఫలితం లేదని మానేయవద్దు. కనీసం మూడు నెలలు పట్టుదలగా చేయాలి. నడికట్టు పొట్టకు ఊతమిస్తుందే గాని ఈ కండరాన్ని బిగించదు.

నీళ్ళు మాత్రం తగ్గించవద్దు. మీరు పాలిచ్చే తల్లి. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది. మలబద్ధకం కూడా వస్తుంది. ముక్కినకొద్దీ ఆ కండరాలు ఇంకా వదులవుతాయి. ఆకుకూరలు, పండ్లు బాగా తినండి. కాఫీ, టీలు తగ్గించండి.

మూడు నెలలు చేసినా గుణం కనిపించకపోతే స్త్రీవైద్య నిపుణురాలికి చూపించుకోండి. మీరు సరిగా బిగిస్తున్నారో లేదో పరీక్షించి చెబుతారు. మూత్రంలో మంట, రక్తం, జ్వరం ఉంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వెంటనే వెళ్ళాలి.

ఇతర సోదరీమణులకు ఒక్క మాట. కాన్పు కష్టమై చాలాసేపు నొప్పులు పడినవారికి, ఆ తరువాత రాత్రింబవళ్ళు ఆగకుండా మూత్రం కారుతుంటే, అది ఈ బాధ కాదు. మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. అది వ్యాయామంతో పోదు. శస్త్రచికిత్సతో బాగుచేయవచ్చు. సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇక మీవారితో తప్పక చెప్పండి. బిడ్డను కన్నందువల్ల వచ్చిన బాధకు సిగ్గెందుకు? కొంతకాలం నీళ్ళ బిందె ఆయన ఎత్తవచ్చు.