బెల్టుషాపు తెలుసు, మీటింగు తెలియదు

బెల్టుషాపు ఎక్కడుందో ఊరికి కొత్తగా వచ్చినవాడికైనా ఎవరో ఒకరు చూపిస్తారు. తాగుడు మానాలనుకున్నవాడు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు ఎక్కడ జరుగుతుందని అడిగితే మాత్రం చెప్పేవారు దొరకరు. 1935లో అమెరికాలోని అక్రాన్‌లో తాగుడు బారిన పడిన ఇద్దరు, ఒక స్టాక్‌బ్రోకరు, ఒక సర్జను, మొదలుపెట్టిన ఈ సంఘం మన నగరాల్లోనూ ఉంది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఒకరి తర్వాత ఒకరు తమ గోడు చెప్పుకుంటారు, ఈ ఒక్కరోజు గడిస్తే చాలనుకుంటారు.

పేరు బయటపెట్టకపోవడం వాళ్ల నియమం, ప్రచారమూ తక్కువే. ఆ లోటు ప్రభుత్వమే పూడ్చాలి. సీసా మీద హెచ్చరిక ముద్రింపజేసేవారికి, మద్యం దుకాణం గోడ మీద 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ నంబరు రాయించడం కష్టమా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దగ్గరలోని మీటింగు చోటు, వేళ, భాష రాసిన కాగితం అంటించాలి. భాష అన్నది చిన్న సంగతి కాదు: ఇంగ్లిషులో నడిచే మీటింగులో తాపీమేస్త్రీ తన బాధ ఏమని చెప్పుకుంటాడు?

ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా ఆపితే వణుకు, మతిభ్రమ, మూర్ఛ రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరు, తోడుగా మీటింగు.

సారాపై దూబగుంట ఆడవాళ్ల పోరాటం మనకు గుర్తే. అలాంటి ఇల్లాళ్ల కోసం, ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. మొగుడు రానన్నా ఆవిడ వెళ్లవచ్చు.