తండ్రి గుడారంలోకి చూడటం పాపమా?

 

పోయిన నెల యవ్వనస్తుల కూడికలో మేము ఒక పుస్తకం గురించి చెప్పాం. దాని పేరు 'మా నాయన బాలయ్య'. కూడిక అయ్యాక సంఘ పెద్దల్లో ఒకాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "అయ్యగారూ, ఇంట్ల సంగతులు పుస్తకంల రాసుడేంది, మనం దాన్ని చర్చిల పిల్లలకు చెప్పుడేంది? ఐదో ఆజ్ఞ ఏమాయె? నోవహు కొడుకు హాము చేసింది గిదే గద?" అన్నారు. ప్రశ్న మంచిదే. అడిగింది ఆయన ఒక్కరే గానీ ఇంకా కొంతమంది మనసులో కూడా అదే ఉందని మాకు తెలుసు. అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ పుస్తకం సంగతి. రాసింది వై.బి. సత్యనారాయణ గారు, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి ప్రిన్సిపాల్ అయినవారు. 2011లో ఇంగ్లీషులో వచ్చింది. తరువాత హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు తెలుగులో తెచ్చారు. దూరదేశపు కథ కాదు, మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగపల్లిలో మొదలైన ఒక మాదిగ కుటుంబం కథ. ఆ ఇంటి పెద్ద ఒకాయన మెత్తటి తోలుతో పాదరక్షలు కుట్టి నిజాం నవాబుకు ఇస్తే, నవాబు మెచ్చి యాభై ఎకరాలు ఇనాం ఇచ్చాడు. ఊరి దొర ఊరుకుంటాడా? రెండెకరాలు వదిలి మిగతాదంతా గుంజుకున్నాడు. తరువాతి కాలంలో అదే ఇంట్లో ఒక భార్య కలరాతో చనిపోయింది. భర్త చిన్న కొడుకును వెంటబెట్టుకుని ఊరు విడిచి రైల్వే పనికి పోయాడు. ఆ చిన్న కొడుకే బాలయ్య. పెద్దయ్యాక తానూ రైల్వేలో చేరాడు. ఊళ్ళో ఉంటే పిల్లలకు వెట్టి తప్పదు, రైల్వే క్వార్టర్‌లో ఉంటే బడి దొరుకుతుంది. ఇంత లెక్క ఆయనకు అర్థమైంది. ఇక పిల్లల చదువు విషయంలో ఎవరి మాటా వినలేదు. ఒక కొడుకు ఉస్మానియాలో సోషియాలజీ ప్రొఫెసర్ అయ్యారు, ఇంకొక కొడుకు ఈ పుస్తకం రాశారు.

బాలయ్య మెత్తటి మనిషి కాదు. ఇంట్లో ఆయన మాటే చెల్లాలి. కొడుకు దాన్ని దాచి రాయలేదు. మన పెద్దాయనకు అభ్యంతరం అక్కడే వచ్చింది.

సరే, హాము దగ్గరికి వద్దాం. ఆదికాండము తొమ్మిదవ అధ్యాయం. నోవహు ద్రాక్షారసం తాగి మత్తులో గుడారంలో బట్టలు లేకుండా పడి ఉన్నాడు. హాము చూసి బయటికొచ్చి అన్నదమ్ములిద్దరికీ చెప్పాడు. షేము, యాపెతు వెనక్కి నడిచి వెళ్ళి తండ్రి మీద బట్ట కప్పారు. ఇంటి గుట్టు బయటపెట్టకూడదని చెప్పడానికి మనవాళ్ళు ఈ భాగం తీస్తారు. కానీ ఒకటి ఆలోచించండి. హాము చెప్పింది ఇద్దరికే. ఆదికాండము రాసిన భక్తుడు అదే సంగతిని లోకమంతా చదివేలా రాశాడు. మనం ఆదివారం చర్చిలో గొంతెత్తి చదువుతున్నాం. నోవహు మత్తు సంగతి రాయించింది పరిశుద్ధాత్మే అని నమ్మేవాళ్ళం, రాయడమే పాపమని ఎలా అంటాం?

పైగా నోవహు ఒక్కడేనా? ఏలీ తన కొడుకులను అదుపు చేయలేదని రాసి ఉంది. ఇస్సాకు ఒక కొడుకును, రిబ్కా ఇంకొక కొడుకును ప్రేమించారని రాసి ఉంది. ఇక దావీదు ఇల్లు! సమూయేలు రెండవ గ్రంథం 13వ అధ్యాయం నుంచి నెమ్మదిగా చదవండి. కూతురు తామారుకు అంత అన్యాయం జరిగితే రాజుకు కోపం వచ్చిందని ఉంది. అమ్నోనును పిలిచి అడిగినట్టు గానీ, తామారును ఓదార్చినట్టు గానీ అక్కడ ఒక్క మాట లేదు. అబ్షాలోము రెండేళ్ళు లోపల దాచుకుని అన్నను చంపించాడు. తరువాత యెరూషలేములోనే రెండేళ్ళు ఉండి కూడా తండ్రి ముఖం చూడలేదు. ఒకే ఊళ్ళో ఉండి! గొల్యాతును పడగొట్టిన మనిషికి కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడటం చేతకాలేదు. చివరికి అబ్షాలోము చచ్చిపోయాక మేడగదిలో ఏడ్చాడు. ఇవన్నీ దావీదును తక్కువ చేయడానికి రాశారని మనం ఎవరమూ అనుకోము.

మన ఇళ్ళ సంగతి ఏమిటి? జగిత్యాల దిక్కు, సిరిసిల్ల దిక్కు, నిర్మల్ దిక్కు బాపు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఎంతమందో మనకు తెలుసు. వాళ్ళకు బాపు అంటే శుక్రవారం వచ్చే వీడియో కాల్. "మంచిగ సదువుతున్నవా?" "ఆఁ." "అవ్వ మాట వింటున్నవా?" "ఆఁ." అంతే, ఫోన్ అవ్వకు ఇచ్చేస్తారు. అక్కడ ఎండలో ఏం పని చేస్తున్నాడో, ఏజెంటుకు కట్టిన అప్పు ఎంతో, రూములో ఎంతమంది పడుకుంటారో బాపు చెప్పడు. పిల్లలకు బెంగ పెట్టుకోవద్దని చెప్పడు. తనకు గౌరవం తగ్గుతుందని కూడా చెప్పడు. గోదావరిఖనిలో, మంచిర్యాలలో, బెల్లంపల్లిలో బాయి పనికి పోయిన తండ్రులూ అంతే చేశారు. బొగ్గు మసి కడుక్కుని ఇంట్లోకి వచ్చేవారు గానీ కింద సంగతి ఇంట్లో చెప్పేవారు కాదు.

ఈ మౌనానికి ఇంకొక కారణం కూడా ఉందని మేము అనుకుంటాం. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. తరువాత ఏళ్ళకేళ్ళు రాత్రి తలుపు తట్టింది ఎవరో తెలియని కాలం. ఆ రోజుల్లో పెరిగినవాళ్ళే ఇప్పుడు మన సంఘాల్లో తాతలు, అమ్మమ్మలు. చిన్నప్పుడు వాళ్ళకు నేర్పిన మొదటి జాగ్రత్త 'ఏమడిగినా తెల్వదు అను'. కాలం మారినా ఆ అలవాటు పోలేదు. గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన సంగతి, వెట్టి సంగతి మనవళ్ళు అడిగితే "గవన్ని ఇప్పుడెందుకు బిడ్డా" అంటారు.

కానీ ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో దేవుడు ఏమన్నాడు? నీ కొడుకు అడిగినప్పుడు, మేము ఐగుప్తులో ఫరోకు దాసులమై ఉన్నామని చెప్పమన్నాడు. దాసత్వంతోనే మొదలుపెట్టి చెప్పమన్నాడు. దాన్ని దాచి విడుదల ఒక్కటే చెబితే పిల్లలకు ఏం అర్థమవుతుంది? మన సాక్ష్యాలు తరచుగా అలాగే అవుతున్నాయి. "నేను పదేళ్ళు తాగుబోతును, ప్రభువు నన్ను రక్షించాడు, ఆమేన్." అందరం చప్పట్లు కొడతాం, కొట్టాల్సిందే. ఆ పదేళ్ళు రాత్రిపూట బాపును వెతుక్కుంటూ కల్లు దుకాణం దాకా పోయిన పిల్లవాడు వెనక చాప మీద కూర్చుని ఉంటాడు. వాడిని ఎవరూ సాక్ష్యం అడగరు. వాడు పెద్దయ్యాక ఒక పుస్తకం రాస్తే మాత్రం ఐదో ఆజ్ఞ గుర్తొస్తుంది.

క్రైస్తవ ఇళ్ళ గురించి కూడా ఇలాంటి పుస్తకాలు ఉన్నాయి. కాజీపేటలో పుట్టి న్యూయార్క్‌లో మెట్రో రైలు కండక్టర్‌గా పనిచేసిన సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో ఒకటి రాశారు. తల్లి మంజుల, మేనమామ కె.జి. సత్యమూర్తి చెప్పిన మాటలను రికార్డు చేసుకుని రాశారు. ఆమె తాత ప్రసన్నరావు, అమ్మమ్మ మరియమ్మ మిషనరీల చదువు చదివి టీచర్లయినవారు. ముగ్గురు పిల్లల్లో ఒకరికి విలియం కేరీ గారి పేరే పెట్టుకున్నారు. మరియమ్మ చిన్న వయసులో చనిపోయింది. ప్రసన్నరావు పిల్లలను వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళిపోయాడు. ఆ పుస్తకంలో మన విశ్వాసం గురించి ఉన్న మాటలన్నీ మాకు ఒప్పుకోదగినవి కావు. అయినా తండ్రి వదిలిపెట్టిన పిల్లలు ముసలితనం దాకా ఏం మోస్తారో అందులో కనబడుతుంది.

మాలాంటి సేవకులు చదవాల్సింది మరొకటి ఉంది. ఎడ్మండ్ గాస్ అనే ఇంగ్లండు రచయిత 1907లో తన పేరు పెట్టకుండా అచ్చు వేయించిన 'ఫాదర్ అండ్ సన్'. తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ పేరున్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు, బ్రదరెన్ సహవాసంలో వాక్యం చెప్పేవాడు. కొడుకును పసితనంలోనే సమూయేలులా దేవునికి ప్రతిష్ఠించారు. కథలు అబద్ధాలని ఇంట్లో కథల పుస్తకమే ఉంచలేదు. ఏడేళ్ళకే తల్లి పోయింది. పదేళ్ళకు అందరి ముందు బాప్తిస్మం ఇచ్చారు. ఆ పిల్లవాడు ఒకరోజు, విగ్రహానికి మొక్కితే దేవుడు శిక్షిస్తాడు కదా, చూద్దామని కుర్చీకి ప్రార్థన చేశాడు. ఏమీ కాలేదు. ఆ సంగతి తండ్రికి చెప్పుకోలేదు. పెద్దవాడై ఆ విశ్వాసం నుంచి వెళ్ళిపోయాడు. తండ్రి చెడ్డవాడు కాదు, కొడుకును ప్రాణంగా ప్రేమించాడు. పుస్తకం చదివితే మనసు కలుక్కుమనేది అందుకే. మన ఇళ్ళలోనూ కడుపులో ఉన్నప్పుడే 'వీడు సేవకే' అని మొక్కుకుంటాం. వాడు పదో తరగతిలో ఏమనుకుంటున్నాడో అడగం. తండ్రులు పిల్లలకు కోపం రేపి, వాళ్ళ మనసు కుంగేలా చేయకూడదని పౌలు కొలొస్సయులకు రాసింది విశ్వాసుల ఇళ్ళ గురించే.

ఇలా రాసినవన్నీ మంచివని మేము అనడం లేదు. చనిపోయిన తండ్రి లేచి జవాబు చెప్పుకోలేడు. గాస్ కొన్నిచోట్ల తండ్రికి అన్యాయం చేశాడని తరువాత ఆయన తండ్రి జీవితచరిత్ర రాసిన ఆమె చూపించారు. పగ తీర్చుకోవడానికి రాసినవి, ఎదుటివాళ్ళ నవ్వు కోసం రాసినవి ఉంటాయి. హాము దోషం మాకు అక్కడ కనబడుతుంది. చూసి బయటికి వచ్చాడు, లోపల తండ్రి ఎలా ఉన్నాడో పట్టించుకోలేదు. సత్యనారాయణ గారు అలా బయట నిలబడి రాయలేదు. బాలయ్య ఎందుకు అంత కఠినుడయ్యాడో తెలుసుకోవడానికి వంగపల్లి దాకా, ఆ గుంజుకున్న భూమి దాకా వెనక్కి వెళ్ళారు. తండ్రిని సన్మానించడమంటే మాకు తెలిసింది ఇదే. ఎవరో తెలియని మనిషిని దండేసి సన్మానించవచ్చు, కన్నతండ్రిని అలా చేయలేం కదా.

అందుకని వచ్చే రెండో శనివారం సాయంత్రం ఏడు గంటలకు చర్చిలో యవ్వనస్తులు 'మా నాయన బాలయ్య' మొదటి అధ్యాయాలు చదువుతారు. ఈసారి తల్లిదండ్రులు కూడా రావాలి. మొదట ప్రశ్న వేసిన పెద్దాయన వస్తామన్నారు, తమ బాపు గురించి ఒక మాట చెబుతామన్నారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ కోసం ఫోన్ ఆన్ చేసి పెడతాం. ముందే చదవాలనుకునేవాళ్ళకు పుస్తకం ఒక్కటే ఉంది, పాస్టరమ్మ దగ్గర పేరు రాయించి తీసుకెళ్ళండి, వారంలో తిరిగి ఇవ్వండి.