కుర్రాలో పేరు వెయ్యండి

దుబాయిలో పనిచేస్తూ గోల్ఫ్ నేర్చుకున్న మా రాజోలు తమ్ముడికి ఒకటే అర్మాన్. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఒక్కసారి ఆడాలి. టైము ఖాయం చేసే ప్యాకేజీ ఉందని ఏజెంటు అన్నాడట. ఆ రఖమ్‌తో పిల్లదాని కాలేజీ ఫీజు తీరుతుంది.

వద్దురా మియా, అన్నాను. అది నవాబుల క్లబ్బు కాదు. మన అంతర్వేది తీరంలాంటి ఇసుక నేల. అక్కడ ఆడుకునే హఖ్ ఊరి అవామ్‌కి ఉందని 1552 నాటి దస్తావేజే ఒప్పుకుంది. ఇప్పటికీ మన హజ్ కమిటీలాగే కుర్రా తీస్తారు. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని, కనీసం ఇద్దరు కలిసి, ఆటకి రెండు రోజుల ముందు పేర్లివ్వాలి. ఫీజు ఎలాగూ తక్కువేం కాదు. దాని మీద వరస దాటడానికి ఇంకో ఖర్చెందుకు?

"పేరు రాకపోతే, భాయీజాన్?"

ఒక్కరోజుకే వెళ్తే నసీబుని తిట్టుకోవాల్సిందే. వారం ఉండు, రోజూ వెయ్యి. (జుమా రోజు మాత్రం వదిలెయ్.) పక్కనే 1895 నాటి న్యూ కోర్సుంది, అదీ ఆడు. ఆదివారం మామూలుగా ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు, ఎవరైనా నడవొచ్చు. బీవీ పిల్లల్ని ఆ రోజు తిప్పు.

ఏజెంటుకి వాడింకా జవాబివ్వలేదు. టికెట్లు మాత్రం ఆదివారం కలిసేలా చూస్తున్నాడు.