ఆమె మనస్సాక్షికి కాపలా ఎవరి కోసం?

ఉత్తరప్రదేశ్ 2021లో తెచ్చిన మతమార్పిడి నిరోధక చట్టం బలవంతంగానో, మోసంతోనో, ప్రలోభపెట్టో మతం మార్పించిన వారికి ఏడాది నుంచి ఐదేళ్ల జైలుశిక్ష విధించింది. మారిన వ్యక్తి మైనర్, మహిళ, ఎస్సీ లేదా ఎస్టీ అయితే శిక్ష రెండు నుంచి పదేళ్లు. 2024 సవరణతో ఈ శిక్షలు మరింత పెరిగాయి. శిక్షల తీవ్రత కంటే ఆలోచించవలసింది ఆ వరుస గురించి. ఓటు వేసే, శాసనసభలో కూర్చునే మహిళనూ, దళితుణ్ణీ, ఆదివాసీనీ పసిపిల్లల పక్కన నిలబెట్టిన వరుస అది. ఇది కొత్తదీ కాదు. 1967 నాటి ఒడిశా చట్టంలోనే ఉంది.

బలహీనులకు అదనపు రక్షణ ఇస్తే తప్పేమిటని కొందరు అడుగుతారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమూ ప్రత్యేక రక్షణ ఇస్తోంది కదా అంటారు. తేడా స్పష్టం. ఆ చట్టం దాడి చేసినవాడిని అనుమానిస్తుంది. ఈ చట్టం ఆమె నిర్ణయాన్నే అనుమానిస్తుంది. మతం మారదలచిన మనిషి 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలపాలి. ఆమె ఉద్దేశమేమిటో పోలీసులు విచారించాలి. మారిన తర్వాత ఇచ్చే ప్రకటనను నోటీసు బోర్డుపై అంటించాలి. ఊళ్లో భూమీ, కూలీ, నీళ్లూ పెత్తందారీ కులాల చేతిలో ఉన్నప్పుడు ఆ కాగితం ఎవరికి సమాచారమో వేరే చెప్పనక్కరలేదు. ఫిర్యాదు చేసే హక్కును 2021 చట్టం తల్లిదండ్రులకూ, తోబుట్టువులకూ, బంధువులకూ ఇచ్చింది.

బంధువులకు ఇందులో పనేమిటి? దీనికి జవాబు అంబేడ్కర్ 1916లోనే చెప్పారు. కులం నిలిచేది కులాంతర వివాహాన్ని అడ్డుకోవడం వల్లనేనని, సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం అందుకు సాధనాలయ్యాయని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో ఆయన వివరించారు. స్త్రీ గడప దాటితే కులం సరిహద్దు చెదురుతుంది. అందుకే ఆమె విశ్వాసం కుటుంబ పరువు సమస్య అవుతుంది. మతం మారి పెళ్లి చేసుకున్న 24 ఏళ్ల యువతి వివాహాన్ని 2017లో కేరళ హైకోర్టు రద్దు చేసి, ఆమెను తల్లిదండ్రుల సంరక్షణకు అప్పగించింది. 2018 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. వయోజనురాలైన ఆమె తన మాట తానే చెప్పుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది.

దళిత మహిళకు ఇది సగం కథే. మిగతా సగం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు నేటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌కు పరిమితం. మతం మారినవారికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది. కూలికి వెళ్లే దళిత స్త్రీపై చెయ్యి వేసేవాడు ఆమె ఆదివారం ఎక్కడికి వెళ్తుందో అడగడు. అడిగేది చట్టం. రక్షణ పోతుందన్న భయంతో ధ్రువపత్రంలో ఒక మతం, గుండెలో మరొక మతం మోయడమే గతి అయితే, ఇరవై అయిదో అధికరణం ఇచ్చిన స్వేచ్ఛకు అర్థమేమిటి?

కొత్త మతం స్త్రీకి స్వర్గమని ఎవరూ అనడం లేదు. సిరియన్ క్రైస్తవ కుటుంబాల్లో కూతుళ్లకు ఆస్తిలో సమాన వాటా కోసం మేరీ రాయ్ 1986లో సుప్రీంకోర్టులో గెలవవలసి వచ్చింది. మతం లోపల పోరాడే హక్కూ, మతం వీడే హక్కూ రెండూ స్త్రీవే. ఒకటి లేకుండా రెండోది నిలవదు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్‌తో పాటు సవితా అంబేడ్కర్, లక్షలాది స్త్రీపురుషులు బౌద్ధం స్వీకరించారు. 2024లో గుజరాత్ ప్రభుత్వం బౌద్ధంలోకి మారడానికీ ముందస్తు అనుమతి తప్పనిసరి అని సర్క్యులర్ ఇచ్చింది. మహిళలను, దళితులను మైనర్ల సరసన చేర్చిన నిబంధనలు, ముందస్తు నోటీసులు, 1950 ఉత్తర్వులోని మత షరతు మూడూ ఒకే గొలుసుకు లింకులు. ఒకటి తెంచి మిగతావి ఉంచితే గొలుసు పొట్టిదవుతుందే తప్ప ఆమెకు విడుదల దొరకదు.