వీడియో చూసి జీను మీద కూర్చోవడం నేర్చేవారికి ఒక వైద్యుని అభ్యంతరం



ఈ పుటల్లో మధుమేహం గురించీ రక్తపోటు గురించీ చదవడానికి అలవాటుపడిన మీకు ఈనాటి విషయం వింతగా తోచవచ్చు. గుర్రపు స్వారీని గురించి, అందులోనూ డ్రెస్సాజ్ అనే ఐరోపా విద్యను గురించి వ్రాస్తున్నాను. కారణం మా మనుమరాలు. ఉద్యోగరీత్యా జర్మనీలో స్థిరపడిన మా అమ్మాయి కూతురు. పదహారేళ్ళు. వారానికి ఒక్కరోజు స్వారీ పాఠం. తక్కిన ఆరు రోజులూ ఫోనులో వీడియోలు, బల్ల మీద పుస్తకాలు. మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు, నేల మీద కూర్చున్న పిల్ల లేవడానికి గోడ పట్టుకున్నది. "తాతయ్యా, నా సీటు బాగా కుదురుతోంది, నడుమే కాస్త నొప్పి" అన్నది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జీవితమంతా నడుము నొప్పులు చూసిన నాకు ఆ రెండు మాటలూ ఒక వాక్యంలో ఇమడవని వెంటనే అనిపించింది.

డ్రెస్సాజ్ అంటే ఫ్రెంచి భాషలో శిక్షణ. చూసేవారికి కనిపించనంత సూక్ష్మమైన సంకేతాలతో గుర్రాన్ని నడిపించే విద్య ఇది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియా క్రీడల్లో మన దేశపు బృందం ఇందులో స్వర్ణం సాధించింది. 1982 ఢిల్లీ క్రీడల తరువాత గుర్రపు స్వారీలో మనకు అదే మొదటి స్వర్ణం. అప్పటి నుండి మనవారిలోనూ కుతూహలం పెరిగింది. ఈ విద్యకు పునాది సీటు, అంటే రౌతు జీను మీద కూర్చునే తీరు. మన ఆసనం అనే మాటకూ మూలార్థం అదే.

పిల్లను బీరువా అద్దానికి పక్కవాటుగా, ఎత్తయిన గుండ్రటి దిండు మీద కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకుని, వీడియోలో చెప్పినట్లు సరిగ్గా కూర్చోమన్నాను. మడమలు కిందికి తొక్కింది, మోకాళ్ళు బిగించింది, నడుమును వెనక్కు ముడిచింది. "నిటారుగా ఉన్నావా?" అంటే "ఉన్నాను" అన్నది. కళ్ళు తెరిచి అద్దంలోకి చూడమన్నాను. భుజాలు తుంటికి బెత్తెడు వెనక ఉన్నాయి. మళ్ళీ కళ్ళు మూయించి, రెండు భుజాలూ పట్టుకుని నిజంగా నిటారుగా నిలిపాను. "తాతయ్యా, ముందుకు పడిపోతున్నాను!" అని అరిచింది. పక్కనే ఉన్న మా ఆవిడ "ఇప్పుడే కదే సరిగ్గా కూర్చున్నావు" అన్నది.

నా అభ్యంతరమంతా ఆ అరుపులోనే ఉన్నది. మన అవయవాలు ఎక్కడున్నాయో కళ్ళు మూసుకున్నా తెలిపే జ్ఞానానికి 1906లో షెరింగ్‌టన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. కండరాల్లోనూ కీళ్ళలోనూ ఉండే సూక్ష్మమైన గ్రాహకాలు మెదడుకు ఆ వార్త చేరవేస్తాయి. అయితే ఆ వార్తను మెదడు అలవాటు అనే కొలబద్దతోనే చదువుతుంది. ఏళ్ళ తరబడి వంకరగా కూర్చున్నవాడికి వంకరే నిటారు. నిటారుగా నిలిపితే పడిపోతున్నట్లుంటుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఎఫ్.ఎం. అలెగ్జాండర్ అనే రంగస్థల వాచకుడు గొంతు పోయి అద్దాల ముందు నిలబడినప్పుడు ఈ సంగతే కనుగొన్నాడు. తల ముందుకు పెడుతున్నాననుకుంటూ వెనక్కు లాగుతున్నాడట.

మరి వీడియోలోని బోధకుడు "వీపు నిటారుగా ఉంచండి" అన్నప్పుడు, మీరు ఎవరి నిటారును అనుసరిస్తారు? మీ వంకరనే మరింత శ్రద్ధగా, మరింత బిగువుగా సాధన చేస్తారు. మిమ్మల్ని చూడలేని గురువు మీకు తప్పు నేర్పడు. మీ తప్పును మీ చేతనే గట్టిపరుస్తాడు. రోగిని చూడకుండా మందు వ్రాసే వైద్యుణ్ణి మనం ఏమంటాం? కొన్ని రోజుల్లో దోషరహితమైన సీటు అని శీర్షిక పెట్టి లక్షలమందికి ఒకే చీటీ వ్రాసేవారిని నేనూ అదే అంటాను.

రెండవ దోషం ఇంకా పెద్దది. వీడియోను ఆపి, అక్కడి ఆకారాన్ని అనుకరించడం. సీటు ఆకారం కాదు, చలనం. ట్రాట్ నడకలో గుర్రం మూలమూలగా ఉన్న కాళ్ళను జతలుగా వేస్తుంది; జతకూ జతకూ నడుమ క్షణకాలం గాలిలో తేలుతుంది. ఆ ఎగుడుదిగుడులో దాని వీపు కుడి ఎడమలుగా కూడా ఊగుతుంది. ఆ కదలికనంతా రౌతు కటి, తుంటి కీళ్ళు మింగేయాలి. తొడ లోపలి కండరాలతో జీనును కరచిపట్టుకుంటే తుంటి బిగుస్తుంది. అప్పుడు ప్రతి అడుగు దెబ్బా నడుము వెన్నుపూసలకు తగులుతుంది. మా పిల్ల నొప్పికి కారణం అదే. పైన స్థిరంగా కనిపించే రౌతు నిజానికి లోపల ఎడతెగక కదులుతూ ఉంటాడు. ఆ లోపలి కదలిక తెరమీద కనిపించదు.

ఇక కింద ఉన్న ప్రాణి మాటేమిటి? గుర్రానికి పక్కటెముకలు అంటుకున్న వెన్నుపూసలు సాధారణంగా 18. వాటి మీద బిగుసుకున్న మనిషి ధనధనమని పడుతుంటే అది వీపు కుంగదీసుకుని, మెడ ఎత్తి, అడుగు కురచ చేసుకుంటుంది. రౌతు దాన్ని మొండితనమనుకుని పగ్గం లాగుతాడు. మా పిల్లకు నొప్పి చెప్పుకోవడానికి తాతయ్య ఉన్నాడు. గుర్రం ఏ ఓపీలో చీటీ తీసుకుంటుంది?

వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలులో కొత్త శిష్యుణ్ణి నెలల తరబడి పొడవైన తాడు కట్టిన గుర్రం మీద, రికాబులూ పగ్గాలూ లేకుండా కూర్చోబెడతారు. తాడు గురువు చేతిలో ఉంటుంది, గుర్రం అనుభవం గలది. శిష్యుడి పని ఒక్కటే, కూర్చోవడం. ఆ బడికి 1939 నుండి 1964 వరకు అధిపతిగా ఉన్న పొధాయ్‌స్కీ గొప్ప గ్రంథమే వ్రాశాడు. అయినా ఆయన బడిలో ఎవరూ ఆ తాడు పాఠాన్ని వదిలేసి పుస్తకంతో సరిపెట్టుకోలేదు.

పల్స్ పోలియో చుక్కలు వేసిన చేతులతో వ్రాస్తున్నాను కాబట్టి లిజ్ హార్టెల్‌ను తలచుకోకుండా ఉండలేను. డెన్మార్క్ దేశస్థురాలు. 1944లో గర్భవతిగా ఉండగా పోలియో సోకి, మోకాళ్ళ కింద పక్షవాతం మిగిలిపోయింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ మరొకరి సాయం కావాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, డ్రెస్సాజ్‌లో స్త్రీలకు తొలిసారి ప్రవేశం లభించిన ఆ ఏడే, పురుషులతో పోటీపడి రజతం గెలిచింది. 1956లో మళ్ళీ రజతం. మడమలు కిందికి తొక్కమని గంటసేపు ఉపన్యసించే వీడియో ఆమెకు ఏమి చెప్పగలదు? తొక్కడానికి ఆమె మడమలు ఆమె వశంలోనే లేవు. ఆమె సీటు కటిలో, నడుములో, గుర్రంతో కుదిరిన లయలో ఉన్నది.

అయితే పుస్తకాలన్నీ తగలబెట్టమని నేను అనడం లేదు. కుర్చీలో కూర్చున్నట్లు కాక, కాళ్ళు ఎడం చేసి నిలబడినట్లు గుర్రం మీద ఉండాలని గ్రీకు దేశపు జెనొఫోన్ రెండు వేల ఏళ్ళకు పూర్వమే వ్రాశాడు. అంతకంటే సూటిగా నేటికీ ఎవరూ చెప్పలేదు. బాల్యంలో వెన్ను వంకరతో బాధపడిన శాలీ స్విఫ్ట్ 1985లో వ్రాసిన సెంటర్డ్ రైడింగ్ పుస్తకం ఆకారాలు కాక ఊహలు ఇస్తుంది, ఊపిరిని గమనించమంటుంది. ఏమి వెతకాలో పుస్తకం చెప్పగలదు. మీరు ఏమి చేస్తున్నారో చెప్పడానికి మాత్రం మరొక మనిషి కావాలి.

"తాడు పాఠాలకు డబ్బెక్కడిది డాక్టరుగారూ?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్న. మా పిల్ల మూడు వారాలు స్వారీ మాని, రోజూ నడక, తుంటి సాగదీసే వ్యాయామాలు చేసింది. తిరిగి వెళ్ళాక అక్కడి ఉపాధ్యాయురాలిని అడిగితే పదిహేను రోజులకొకసారి అరగంట తాడు పాఠానికి ఒప్పుకున్నది. ఆ ఖర్చుకు బదులుగా వీడియో చందా ఒకటి మానేసింది. ఇప్పుడు ఎక్కువగా చూసేది స్నేహితురాలు తీసిన తన వీడియోనే. చూడడానికి ముందు ఎలా కూర్చున్నాననుకున్నదో కాగితం మీద వ్రాసి పెట్టుకుంటుంది. ఆ రెంటికీ మొదట్లో పొంతనే లేదట. నొప్పి చాలావరకు తగ్గింది, పూర్తిగా కాదు.

మరొక్క మాట. పాత వీడియోల్లో పొడవాటి నల్లటోపీలు పెట్టుకున్న రౌతులు కనిపిస్తారు. అందానికి మురిసి అనుకరించకండి. అంతర్జాతీయ పోటీల్లో 2021 నుండి డ్రెస్సాజ్ రౌతులకు కూడా హెల్మెట్ తప్పనిసరి.

నొప్పి నడుము నుండి కాలిలోకి దిగినా, రెండు వారాలకు తగ్గకపోయినా వైద్యునికి చూపించండి. జీను తాకే చోట, అంటే మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపున తిమ్మిరి వచ్చినా, మూత్రం బిగిసినా, అదుపు తప్పినా మరునాటి దాకా ఆగవద్దు. మా వైద్యభాషలో ఆ తిమ్మిరికి పేరే శాడిల్ అనస్తీషియా. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి.