తపాలా బిళ్ళలో కనిపించని పిల్లలు

తపాలా బిళ్ళలు పోగుచేయడం డబ్బున్నవాళ్ళ సరదా అని మేమూ అనుకునేవాళ్ళం. జర్మనీలోని హామెలిన్ ఊరి కథ మీద వచ్చిన బిళ్ళల గురించి చదివాక మా అభిప్రాయం మారింది.

ఎలుకల బాధ తప్పిస్తే డబ్బిస్తామని ఊరి పెద్దలు పిల్లనగ్రోవి వాడికి మాటిచ్చారు. వాడు ఎలుకలను నదిలో ముంచాడు. పెద్దలు మాట తప్పారు. వాడు మళ్ళీ ఊదాడు. ఈసారి పిల్లలు వెంట వెళ్ళారు, తిరిగి రాలేదు. కూలి ఎగ్గొట్టింది పెద్దలు, శిక్ష పడింది పిల్లలకు!

ఈ కథ మీద పశ్చిమ జర్మనీ 1978లో తపాలా బిళ్ళ వేసింది. పాత పోస్టుకార్డులు, 1920ల నాటి చిల్లర కొరతలో ఆ ఊరు అచ్చువేసుకున్న నోట్లు కూడా సేకరించేవాళ్ళున్నారు. వీటిలో ముందుగా కంటపడేవి రంగుల బట్టల పిల్లనగ్రోవి వాడు, ఎలుకలు.

కానీ 15వ శతాబ్దపు రాతప్రతిలో ఎలుకల ఊసే లేదు. 1284 జూన్ 26న 130 మంది పిల్లలు పిల్లనగ్రోవి వాడి వెంట ఊరు విడిచారని ఉంది. ఎలుకలు 16వ శతాబ్దంలో వచ్చి చేరాయి. వాళ్ళు తూర్పు ప్రాంతాలకు వలసపోయి ఉంటారని కొందరు చరిత్రకారుల ఊహ. కారణం ఏదైనా, ఆ ఊరు తన పిల్లల లెక్క మరిచిపోలేదు.

మరి మన లెక్క? ఈ వార్షికోత్సవ సంచిక కూడా ఒక జ్ఞాపికే. ఇందులో అతిథుల ఫోటోలుంటాయి, ఫస్టు క్లాసులు వచ్చినవాళ్ళ పేర్లుంటాయి. మాతోపాటు ట్రంకుపెట్టె మోసుకొచ్చి, మధ్యలోనే పత్తి చేలకో, ఇటుక బట్టీలకో వెళ్ళిపోయినవాళ్ళు ఏ పేజీలో ఉన్నారు? ఒకరాత్రి కూర్చుని లెక్కపెట్టబోయాం. ముఖాలు గుర్తొచ్చాయి, లెక్క తేలలేదు. మాకు సిగ్గేసింది.

పండుగ పూట ఈ మాటలెందుకని కొందరనవచ్చు. పండుగకు ఇంటివాళ్ళందరినీ తలుచుకోవడం మన ఆచారమే కదా! ఎందరు మానేశారో, ఎందుకు మానేశారో తెలియకుండా ఎందరు పాసయ్యారో చెప్పుకోవడం సగం లెక్కే అవుతుంది.

అందుకే తమ్ముళ్ళారా, బిళ్ళలు పోగుచేయండి, మంచిదే. దానికంటే ముందు మీ గదిలో ఖాళీ అయిన చోటు ఎవరిదో అడిగి, వాళ్ళ ఊరికి ఒక పోస్టుకార్డు రాయండి. వచ్చే సంచికలో వాళ్ళ జవాబులకు ఒక పేజీ ఉంచుదాం.